మరమూత చేసిన చేటు



బండి యెంత గట్టిదైనను కడచీల జాఱినచో చక్రము నిలువదని మీ రెఱుగుదురు.

1912 జనవరి 17వ తేదీన ఆంగ్లనావికుడు స్కాటు నలుగురు అనుచరులతో దక్షిణధ్రువమును జేరెను. నార్వేవాడగు అముండ్సెను 1911 డిసెంబరు 14ననే అచట నిలిచియుండెను. తిరుగుదారిలో స్కాటు చూడగా, దాచియుంచిన కిరసనాయిలు డబ్బాలు వెలితిపడియుండెను. మరమూతక్రింది తోలుబిళ్ల కఠినశీతమున బిగువు దప్పగా నూనె హరించిపోయెను. నూనె లేనిదే పొయ్యి వెలుగదు. పొయ్యి వెలుగనిదే మంచు కరగి త్రాగునీరు గాదు. ఆకలికి, శీతమునకు, అలసటకు ఈ కొఱతయు తోడయ్యెను. ఆ యైదుగురిలో నొక్కడును మరలి రాలేదు.

అముండ్సెనో, ఈ జాడ్యమును ముందే యెఱిగి, తన డబ్బాలకు టంకము వేయించెను.

బడిలో ఈ కథ చెప్పినప్పుడెల్ల పిల్లలు “ఎవరు గెలిచిరండీ?” అని యడుగుచుండిరి. “ఏ మూత నిలిచినది?” అని నేనడుగుచుంటిని.