పసిగుండె పరుగు యంత్రానికెలా తెలిసింది?

1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ ఒక పిల్లాడి ఛాతీకి ఆపరేషన్ చేస్తుండగా గుండె లయ తప్పింది. కొట్టుకోవడం మాని ఊరికే గిలగిలలాడుతోంది. బెక్ దాన్ని చాలాసేపు చేత్తో నొక్కి, చివరికి కరెంటు పలకల్ని నేరుగా గుండెకే ఆనించి షాక్ ఇచ్చాడు. పిల్లాడు బతికాడు. వయసు 14. కరెంటుతో మనిషి గుండెను దారికి తెచ్చిన తొలి విజయం అదే. పిల్లవాడితో మొదలైన ఈ విద్య, తర్వాత యాభై ఏళ్లకు పైగా పసిపిల్లల దగ్గరికి రావడానికి తటపటాయించింది.

1956లో పాల్ జోల్ ఛాతీ కోయకుండానే షాక్ ఇచ్చాడు. 1960లలో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ షాక్ ఇచ్చే యంత్రాన్ని అంబులెన్స్ ఎక్కించాడు. 1970ల చివర్లో ఈసీజీని తనే చదివి తీర్పు చెప్పే యంత్రం వచ్చింది. అదే ఏఈడీ.

దానికి చదువు చెప్పింది పెద్దవాళ్ల ఈసీజీలతో. చిక్కంతా అక్కడే. కర్ణాటకలోని పావగడ శనీశ్వరుడి గుడి క్యూలో తల్లి చంకనెక్కి గుక్కపట్టి ఏడ్చే పసివాడి గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకోవచ్చు. అందులో జబ్బేమీ లేదు. అదే వేగం వాళ్ల తాతకుంటే డాక్టరు కుర్చీలోంచి లేస్తాడు. అంకె ఒకటే, అర్థం వేరు. వేగమొక్కటే చూసే యంత్రమైతే బాగున్న గుండెకు షాక్ కొట్టగలదు. అందుకే అలల వెడల్పు, ఎత్తు, వాటి ఆకారంలోని క్రమం కూడా చూడాలి. పిల్లల గుండెలో విద్యుత్తు త్వరగా పాకుతుంది కాబట్టి వాళ్ల అలలు సన్నగా ఉంటాయి.

2001లో సెకిన్ బృందం 191 మంది పిల్లల గుండె లయల్ని ఒక ఏఈడీకి చూపించి పరీక్ష పెట్టింది. షాక్ అక్కర్లేని లయల్లో ఒక్కదానికీ అది షాక్ ఇమ్మనలేదు. గిలగిలలాడే గుండెల్ని నూటికి 96 వంతులు పట్టుకుంది. వేగంగా కొట్టుకునే ఒక రకం లయ దగ్గర మాత్రం కొంత తడబడింది. నా లెక్కన ఇందులో పెద్ద మార్కులు పడాల్సింది మొదటిదానికే. ఊరుకోవడం తెలిసిన యంత్రాన్నే కదా నమ్మి పిల్లాడికి తగిలిస్తాం!

అదే ఏడాది షాక్‌ను 50 జౌళ్లకు తగ్గించే పిల్లల ప్యాడ్‌లకు అమెరికా అనుమతిచ్చింది. 2003లో ఏడాది నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకూ, 2010లో చంటిబిడ్డలకూ మార్గదర్శకాలు తలుపు తీశాయి. కొన్ని యంత్రాలు షాక్ బలం మాత్రమే తగ్గిస్తాయి, కొన్ని పిల్లల మీటకు మారగానే లయను చదివే కొలతలనూ మార్చుకుంటాయి.

ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ నడిచే పావగడకు జిల్లా కేంద్రం తుమకూరు సుమారు వంద కిలోమీటర్లు. ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే, లయ తప్పిన గుండెకు షాక్ అందడం ఆలస్యమైన ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. కన్నడ సినీ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021లో పోయాక ఆయన పేరిట కర్ణాటక పెట్టిన హృదయ జ్యోతి పథకం తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని దూరంలోని నిపుణుల ముందుకు తెస్తోంది. కానీ బడి ఆవరణలో కూలిన పిల్లాడికి ముందు కావలసింది ఛాతీ నొక్కే చేతులు, దగ్గర్లో ఒక ఏఈడీ. పిల్లల ప్యాడ్‌లు లేకపోతే పెద్దవాళ్లవే వాడొచ్చు, ఒకదానికొకటి తగలకుండా ఒకటి రొమ్ము మీద, ఒకటి వీపు మీద.