ఐఎన్‌ఎస్ కిల్తాన్: నేవీ డేకి కారణం ఘాజీ కాదు.. కరాచీ దాడిని ముందుండి నడిపిన ఈ చిన్న నౌక కథ తెలుసా?

గోపాలపట్నం నుంచి సిటీలోకి వెళ్లేవాళ్లకు ఎన్‌ఏడీ జంక్షన్ రోజూ కనిపించేదే. ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో, నేవీ ఆయుధాలు దాచే చోటు. విశాఖ జీవితంలో నేవీ అంతగా కలిసిపోయింది. అందుకే డిసెంబర్ 4న నేవీ డే అనగానే ఇక్కడ చాలామందికి ఘాజీ గుర్తొస్తుంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ ఈ పాకిస్థాన్ సబ్‌మెరైన్ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. 2017లో దానిపై సినిమా కూడా వచ్చింది.

కానీ నేవీ డే జరుపుకునేది ఘాజీ కోసం కాదు. ఆ మరుసటి రాత్రి కరాచీపై జరిగిన ఆపరేషన్ ట్రైడెంట్ కోసం. ఆ దాడిని నడిపించిన నౌకే ఐఎన్‌ఎస్ కిల్తాన్.

అసలు పని సబ్‌మెరైన్ల వేట

లక్షద్వీప్‌లోని ఓ దీవి పేరు కిల్తాన్. ఈ నౌక సోవియట్ యూనియన్‌లో తయారైంది. పొడవు సుమారు 82 మీటర్లు, బరువు వెయ్యి టన్నులకు కాస్త అటూ ఇటూ. సోనార్‌తో నీటి అడుగున సబ్‌మెరైన్ జాడ పట్టడం, రాకెట్లు, టార్పెడోలతో దాన్ని కొట్టడం దీని పని.

మరి కరాచీకి ఎందుకు వెళ్లింది?

దాడికి ఎంచుకున్నవి మూడు మిసైల్ బోట్లు: నిపాత్, నిర్ఘాత్, వీర్. మిసైల్స్ పవర్‌ఫుల్. కానీ అవి తీరానికి దగ్గరగా తిరిగే చిన్న బోట్లు, ఎక్కువ దూరం వెళ్లలేవు. పైగా ఆ నీళ్లలో శత్రు సబ్‌మెరైన్ల భయం. అందుకే కిల్తాన్, కచ్చల్ అనే రెండు యాంటీ సబ్‌మెరైన్ నౌకలను తోడు పంపారు. టీమ్ మొత్తానికి లీడర్ కిల్తాన్‌లో ఉన్న కమాండర్ గోపాల్ రావు.

ఆ రాత్రి ఏం జరిగింది?

* డిసెంబర్ 4న పగలంతా పాక్ విమానాలకు అందనంత దూరంలో ఆగారు. చీకటి పడ్డాక కరాచీ వైపు కదిలారు.
* మిసైల్ బోట్ల దాడిలో పాక్ డెస్ట్రాయర్ ఖైబర్, మైన్‌స్వీపర్ ముహాఫిజ్ మునిగిపోయాయి. ఒక్క ఖైబర్‌లోనే రెండు వందల మందికి పైగా చనిపోయారు.
* కరాచీలోని కెమారీ ఆయిల్ ట్యాంకులు అంటుకున్నాయి.
* మన నౌకలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి.

గోపాల్ రావుకు మహావీర్ చక్ర దక్కింది. మిసైల్ బోట్లను నడిపిన బబ్రు భాన్ యాదవ్‌కూ అదే పతకం ఇచ్చారు.

ఐదు రోజులకే తెలిసొచ్చిన ప్రమాదం

సబ్‌మెరైన్ భయం ఉత్తిది కాదని డిసెంబర్ 9న తేలిపోయింది. డయ్యూ దగ్గర సబ్‌మెరైన్ల వేటకు వెళ్లిన ఐఎన్‌ఎస్ ఖుక్రీని పాక్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో కొట్టింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు ప్రాణాలు కోల్పోయారు. నౌకతోపాటే మునిగిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. కిల్తాన్, ఖుక్రీ రెండూ సబ్‌మెరైన్లను వేటాడే నౌకలే. ఒకటి తిరిగొచ్చింది, ఇంకొకటి రాలేదు.

ఆ పేరు ఇప్పుడు విశాఖలోనే

పాత కిల్తాన్ సర్వీస్ ఎప్పుడో ముగిసింది. కానీ నేవీలో మంచి పేరు తెచ్చుకున్న నౌక పేరును కొత్త నౌకకు పెట్టడం ఆనవాయితీ. 2017 అక్టోబర్ 16న అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ కొత్త ఐఎన్‌ఎస్ కిల్తాన్‌ను విశాఖపట్నంలోనే నేవీకి అందించారు. కోల్‌కతాలో కట్టిన ఈ నౌక పొడవు 109 మీటర్లు. పని మాత్రం పాతదే: సబ్‌మెరైన్ల వేట.