సొంత నేల మీద పౌరసత్వం రుజువు చూపమన్నారు

మన గ్రూపులో ఆరోగ్యశ్రీ మాట వచ్చిన ప్రతిసారీ రేషన్ కార్డులో పేరు ఎక్కని పిల్లల సంగతి కూడా వస్తది. అలాంటి చరిత్రే అమెరికా ఆదివాసులకీ ఉంది. పాత పుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని రాసింది వాళ్ళ గురించే. ఆ పేరు వాళ్ళలో చాలామందికి నచ్చదు, మనం కూడా మానేద్దాం.

అమెరికాలో 1965లో మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య పథకం వచ్చింది. అది మరీ పేదవాళ్ళకే. ఇంటి ఆదాయం కొంచెం దాటితే అది రాదు, ప్రైవేటు బీమా కొనే స్తోమత ఉండదు. ఇట్లా మధ్యలో పడిపోయిన 19 ఏళ్ళ లోపు పిల్లల కోసం 1997లో చిప్ అనే పథకం పెట్టారు. దీనికి డబ్బు సిగరెట్ల పన్ను పెంచి తెచ్చారు. చాలా రాష్ట్రాల్లో నెలకి చిన్న మొత్తం కట్టాల్సి ఉండేది.

చట్టమైతే వచ్చింది గానీ పిల్లలు మాత్రం చేరలేదు. తల్లిదండ్రులకి తెలియదు, తెలిసినా ఫారం చూసి భయం. అందుకే ఊరూరా ప్రచారం మొదలైంది. ఫ్రీ ఫోన్ నంబరు పెట్టారు, బడి పిల్లల ద్వారా ఇంటికి కాగితాలు పంపారు.

ఆదివాసీ ఇళ్ళలో మాత్రం ప్రశ్న వేరే. భూములు తీసుకునేటప్పుడు చాలా ఒప్పందాల్లో డాక్టర్ని, మందుల్ని ఇస్తామని రాశారు. ఆ మాట ఇచ్చినాక మళ్ళీ పిల్లల కోసం డబ్బు కట్టమనడం ఏంది? 1999లో కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది: ఆదివాసీ పిల్లల దగ్గర ఏమీ వసూలు చెయ్యొద్దని.

ఇంకో ప్రశ్న కూడా ఉంది: "మాకు ఆసుపత్రి ఉంది కదా, ఈ కార్డు దేనికి?" 1955 నుంచి ఆదివాసుల కోసం ఇండియన్ హెల్త్ సర్వీస్ ఉన్న మాట నిజమే. కానీ దానికి ఇచ్చే నిధులు ఎప్పుడూ చాలవు. బయటి ఆసుపత్రికి పంపే డబ్బు ఏడాది మధ్యలోనే అయిపోయేది. జూన్ దాటాక జబ్బు పడకు అనే మాట వాళ్ళలో సామెతలాగా నిలిచిపోయింది. 1976 చట్టంతో, మెడికెయిడ్ ఉన్న మనిషికి వైద్యం చేస్తే ఆ ఆసుపత్రికే డబ్బు రావడం మొదలైంది. అంటే ఒక పిల్లవాడు చేరితే ఊరి ఆసుపత్రికీ లాభం. ఈ లెక్క బయటి ఆఫీసరు వచ్చి చెప్తే ఎవరు నమ్ముతారు? 1968 నుంచి ఆ తెగల వాళ్ళే ఆరోగ్య కార్యకర్తలుగా ఉన్నారు, మన ఆశా అక్కల్లాగా. వాళ్ళ భాషలో, వాళ్ళ ఇంట్లో కూర్చుని చెప్పగలిగేది అలాంటి వాళ్ళే.

అసలు దెబ్బ 2006లో తగిలింది. వలసదారులు అక్రమంగా చేరుతున్నారన్న అనుమానంతో, మెడికెయిడ్‌కి పౌరసత్వ పత్రం తప్పనిసరి చేశారు. పాస్‌పోర్టుకి మొదటి స్థానం ఇచ్చారు. తెగ ఇచ్చిన సభ్యత్వ కార్డుకి మాత్రం ఆ గౌరవం లేదు. ఆ నేల మీద అందరికంటే ముందు నుంచి ఉన్నవాళ్ళని మీరు ఇక్కడివాళ్ళేనా అని అడిగారు! అసలు వాళ్ళందరినీ పౌరులుగా ఆ దేశం ఒప్పుకున్నదే 1924లో.

తెగల నాయకులు ఊరుకోలేదు. 2009 ఫిబ్రవరిలో చిప్ చట్టాన్ని పొడిగించినప్పుడు, ప్రభుత్వం గుర్తించిన తెగ ఇచ్చిన పత్రం పౌరసత్వానికి రుజువుగా చెల్లుతుందని రాయించారు. పిల్లల్ని చేర్పించే ప్రచారానికి 10 కోట్ల డాలర్లు పెట్టారు. అందులో పదో వంతు ఆదివాసీ ఆరోగ్య సంస్థలకే అని చట్టంలోనే ఉంది. మాకు ఇదే పెద్ద గెలుపుగా కనిపిస్తది. పోస్టర్లు ఎన్ని అతికించినా, చేతిలో ఉన్న కాగితం చెల్లకపోతే లోపలికి రానియ్యరు కదా.

అయినా బీమా లేని పిల్లల శాతం ఆ తర్వాత కూడా ఆదివాసుల్లోనే ఎక్కువగా ఉంటూ వచ్చింది. దూరం, దారులు, సిగ్నల్ లేకపోవడం, ఏటేటా మళ్ళీ నమోదు చేసుకోవాల్సి రావడం. ఇవన్నీ మనకి వివరించి చెప్పక్కర్లేదు.

మన గూడేల్లో ఇంటిపేరు ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి ఉన్న పిల్లలు ఎంతమందో సెలవులకి ఇంటికి పోయినప్పుడు రాసుకుని రండి. కార్డులోకి ఎక్కని చంటి పిల్లల పేర్లు కూడా రాయండి. ఊరివారీగా ఇక్కడే పెడదాం.