పొగగొట్టం ఇంజనుకు బలమిచ్చిన కథ

మోటారు సైకిలుకు పొగగొట్టం ఎందుకు అని అడిగితే, పొగను వెనుకకు పంపడానికి, చప్పుడు తగ్గించడానికి అని చాలామంది జవాబు చెబుతారు. కొందరు యువకులు ఆ గొట్టాన్ని కోసివేసి, చప్పుడు పెరిగింది కనుక బలం కూడా పెరిగిందని సంతోషిస్తారు. టూ స్ట్రోకు ఇంజను విషయంలో ఇది పెద్ద పొరపాటు. ఆ ఇంజనుకు సిలిండరు, పిస్టను ఎటువంటివో పొగగొట్టం కూడా అటువంటిదే. దాని పొడవు, ఆకారం మారితే ఇంజను బలమే మారిపోతుంది.

ఈ సంగతిని కొలతలతో పట్టుకుని, పందెపు ఇంజనును తీర్చిదిద్దే పనికి శాస్త్రరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. అతని చరిత్రను తెలుసుకొనే ముందు ఆ ఇంజనులోని చిక్కు ఏమిటో చూద్దాం.

రెండు వాకిళ్ళ ఇల్లు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఇంధనం ఒకసారి మండుతుంది. టూ స్ట్రోకు ఇంజనులో ప్రతి చుట్టుకూ మండుతుంది. దీనికి వాల్వులు అక్కరలేదు. సిలిండరు గోడలో ఉన్న ద్వారాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పిస్టను క్రింద ఉన్న క్రాంకు పెట్టె కమ్మరి కొలిమి తిత్తివలె పనిచేస్తుంది. పిస్టను పైకి పోయినప్పుడు అది పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. క్రిందికి వచ్చినప్పుడు దానిని సిలిండరులోకి ఊదుతుంది.

ప్రతి చుట్టుకూ మండుతుంది కనుక శక్తి రెట్టింపు రావాలి. కాని రాదు. ఎందుచేతనంటే, మండిన వాయువు బయటకు పోవడం, కొత్త మిశ్రమం లోపలికి రావడం చాలా భాగం ఒకే సమయంలో జరుగుతాయి. ముందు వాకిలి, వెనుక వాకిలి రెండూ తెరచిన ఇంట్లోకి వచ్చిన గాలి అటునుంచి అటే పోయినట్లు, కొత్త మిశ్రమంలో కొంత భాగం మండకుండానే పొగగొట్టంలోకి జారిపోతుంది. పైగా నిర్గమ ద్వారం గోడలో ఎక్కువ ఎత్తున ఉంటుంది. అందువల్ల అది మిశ్రమం వచ్చే ద్వారం కంటె ఆలస్యంగా మూతపడుతుంది. చివరి క్షణంలో జరిగే ఈ నష్టాన్ని ఆపడం ఎలాగ? ఇదే చిక్కు.

చోపావు పట్టణం

ఈ ఇంజనుకు పేరు తెచ్చిన ఊరు జర్మనీలో సాక్సనీ ప్రాంతపు చోపావు. డెన్మార్కు నుంచి వచ్చిన రాస్ముసెన్ అక్కడ స్థాపించిన డి.కె.డబ్ల్యు. కర్మాగారం 1920 దశకం చివరకు ప్రపంచంలోనే పెద్ద మోటారు సైకిలు కర్మాగారమయింది. 1938 లో ఇవాల్డ్ క్లూగె అనే రైడరు డి.కె.డబ్ల్యు. బండిపై ఐల్ ఆఫ్ మాన్ ద్వీపపు పందెంలో 250 సి.సి. తరగతి గెలిచాడు. అయితే ఆ బండిలో మిశ్రమాన్ని బలవంతంగా లోపలికి నెట్టే సూపర్‌ఛార్జరు ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత రెండు మార్పులు వచ్చాయి. జర్మనీ చీలిపోగా చోపావు తూర్పు భాగంలో చేరి, కర్మాగారం ప్రభుత్వపరమయింది. 1956 నుంచి దాని పేరు ఎమ్.జెడ్. రెండవది, 1946 లో అంతర్జాతీయ పందెములలో సూపర్‌ఛార్జరును నిషేధించారు. దానితో టూ స్ట్రోకు ఇంజనుకు ఊతకర్ర పోయినట్లయింది. ఇక నాలుగు స్ట్రోకుల ఇంజనులతో పోటీ పడలేదని చాలామంది అనుకున్నారు.

కాడెన్ కృషి

కాడెన్ 1919 లో చోపావుకు దగ్గరలోని పోబర్షావులో జన్మించాడు. కెమ్నిట్జ్‌లో సాంకేతిక విద్య నేర్చి, యుద్ధకాలంలో హెన్‌షెల్ విమాన సంస్థలో పనిచేశాడు. యుద్ధం ముగిసిన తరువాత సొంతంగా పందెపు బండి తయారుచేసుకొన్నాడు. 1953 లో చోపావు కర్మాగారపు పందెముల శాఖ అతనికి అప్పగించారు.

అతడు అన్నిటినీ మొదటినుంచి కనిపెట్టలేదు. కార్బురేటరుకు, క్రాంకు పెట్టెకు మధ్య పలుచని బిళ్ళను తిప్పే పద్ధతిని డానియెల్ జిమ్మర్‌మన్ అనే ఔత్సాహికుని బండిలో చూచి స్వీకరించాడు. పిస్టనే ద్వారాన్ని మూసేటప్పుడు, అది పైకొసకు చేరడానికి ఎంత ముందు తెరచుకుంటుందో, చేరిన తరువాత అంత ఆలస్యంగానే మూతపడుతుంది. బిళ్ళకు ఈ నిర్బంధం లేదు. దానిని ఏ ఆకారంలో కోస్తే ఆ వేళకు తెరచుకుంటుంది, మూసుకుంటుంది. ఇక ఉబ్బెత్తు పొగగొట్టాన్ని పశ్చిమ జర్మనీలో ఎరిక్ వోల్ఫ్ 1951 లో డి.కె.డబ్ల్యు. పందెపు బండ్లకు అమర్చాడు. అది ఎలా పనిచేస్తుందో ఆసిలోస్కోపు తెరపై తరంగాలను చూచి కనుగొనడం, దానికి తగినట్లు గొట్టాన్నీ ద్వారాలనూ మార్చడం కాడెన్ చేసిన పని.

తిరిగివచ్చే తరంగం

నిర్గమ ద్వారం తెరచుకోగానే వేడి వాయువు ఒక్కసారిగా బయటకు దూకుతుంది. అప్పుడు గొట్టంలో సంపీడన తరంగం ఒకటి పుట్టి ధ్వనివేగంతో ప్రయాణం చేస్తుంది. గొట్టం క్రమంగా వెడల్పయ్యేచోట దానినుంచి విరళీకరణ తరంగం పరావర్తనం చెంది వెనుకకు వస్తుంది. అది సిలిండరులో మిగిలిన మండిన వాయువును పీల్చివేసి, కొత్త మిశ్రమం రావడానికి తోడ్పడుతుంది. అసలు తరంగం ఇంకా ముందుకు పోయి, గొట్టం మళ్ళీ సన్నబడే శంకువును తాకి, సంపీడన తరంగంగానే తిరిగివస్తుంది. ద్వారం మూసుకోబోయే క్షణానికి ఇది చేరితే, గొట్టంలోకి జారిపోయిన మిశ్రమాన్ని మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది. అనగా నిషేధించిన సూపర్‌ఛార్జరు చేసే పనిని కదిలే భాగం ఒక్కటీ లేని రేకు గొట్టం చేస్తున్నదన్నమాట.

విద్యార్థులు దీనిని స్థూలంగా లెక్క కట్టి చూడవచ్చు. ఇంజను నిమిషానికి 10,800 చుట్లు తిరిగితే, సెకనుకు 180 చుట్లు. నిర్గమ ద్వారం సుమారు అరచుట్టు సేపు తెరచి ఉంటుందనుకొంటే ఆ కాలం సెకనులో 360 వ వంతు. వేడి పొగలో ధ్వనివేగం సెకనుకు సుమారు 500 మీటర్లు. ఆ వ్యవధిలో తరంగం సుమారు 1.4 మీటర్లు పోతుంది. పోయి రావాలి కనుక రెండవ శంకువు సుమారు 70 సెంటీమీటర్ల దూరాన ఉండాలి.

ఇదే గొట్టంతో ఇంజను నిమిషానికి 5,400 చుట్లు తిరిగితే ఏమవుతుంది? ద్వారం రెట్టింపు సేపు తెరచి ఉంటుంది. తరంగం సగం వేళకే వచ్చి, లోపలికి రావలసిన మిశ్రమానికి అడ్డు తగులుతుంది. ఊయలను సరియైన క్షణంలో నెడితే ఊపు పెరుగుతుంది, వేళ తప్పి నెడితే తగ్గుతుంది కదా! ఇదీ అంతే. ఈ కారణం చేతనే పందెపు ఇంజను ఒక ఇరుకైన వేగపరిధిలోనే విజృంభిస్తుంది. రైడరు గేర్లు మార్చుతూ ఇంజనును ఆ పరిధి దాటకుండా చూసుకోవాలి.

1958 లో స్వీడన్‌లో హోర్స్ట్ ఫ్యూగ్నర్ 250 సి.సి. పందెం గెలిచి ఎమ్.జెడ్.కు తొలి గ్రాండ్ ప్రి విజయం తెచ్చాడు. 1961 నాటికి కాడెన్ 125 సి.సి. ఇంజను 10,800 చుట్ల వద్ద 25 అశ్వశక్తి ఇచ్చింది. అనగా లీటరుకు 200 అశ్వశక్తి. సూపర్‌ఛార్జరు లేకుండా అంత శక్తిని అందుకొన్న మొదటి ఇంజను ఇదే.

సరిహద్దు దాటిన విద్య

1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. ఆ ఏడాది 125 సి.సి. ప్రపంచ విజేత పదవికి ఎమ్.జెడ్. రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ ముందంజలో ఉన్నాడు. సెప్టెంబరులో స్వీడన్‌లోని క్రిస్టియాన్‌స్టాడ్ పందెంలో అతని ఇంజను చెడిపోయింది. అక్కడినుంచి అతడు తిరిగి స్వదేశానికి పోలేదు. అదే సమయంలో భార్యాపిల్లలు రహస్యంగా సరిహద్దు దాటి పశ్చిమ జర్మనీ చేరారు. ప్రపంచ విజేత పదవి హోండా రైడరు టామ్ ఫిలిస్‌కు దక్కింది.

డెగ్నర్ జపానులోని సుజుకి సంస్థలో చేరాడు. చోపావులో నేర్చిన విద్య అతనితో వెళ్ళింది. 1962 లో సుజుకి బండిపై డెగ్నర్ 50 సి.సి. ప్రపంచ విజేత అయ్యాడు. టూ స్ట్రోకు ఇంజనుకు అదే మొదటి ప్రపంచ విజయం. 1964 లో యమహా 250 సి.సి. తరగతిని గెలిచింది. 1975 నుంచి 2001 వరకు 500 సి.సి. తరగతిలో విజేతల బండ్లన్నీ టూ స్ట్రోకులే. ఆ విద్యకు పుట్టినిల్లయిన ఎమ్.జెడ్.కు మాత్రం ఒక్క ప్రపంచ విజయమూ దక్కలేదు. కాడెన్ స్వదేశాన్ని విడువక, 1996 లో మరణించాడు.

డెగ్నర్ చేసినది ద్రోహమా, స్వేచ్ఛ కోసం చేసిన సాహసమా అన్నది వేరు ప్రశ్న. ఒక్క విషయం మాత్రం స్పష్టం. చెవితో విని, చేతితో తడిమి నేర్చే పనితనం గురువుతోనే ఉండిపోవచ్చును. కొలతగా, లెక్కగా మారిన విద్యను ఏ గోడా ఆపలేదు.

లాభం, నష్టం

1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 బండిని ఎరుగని తెలుగు ఊరు లేదు. అది కూడా టూ స్ట్రోకే. అయితే తరంగం తోడ్పడేది కొద్ది వేగపరిధిలోనే కనుక, మామూలు రోడ్డు వేగాలలో మండని పెట్రోలు, నూనె పొగలో కలిసి గాలిని చెడగొడతాయి. కాలుష్య నియమాలు కఠినం కావడంతో ఇటువంటి బండ్లు రోడ్ల మీదనుంచి తప్పుకున్నాయి. గ్రాండ్ ప్రి పందెములలోనూ 2011 తో వాటి కాలం ముగిసింది.

ఇంజనులో ఒకచోట పొందిన లాభానికి మరొకచోట వెల చెల్లించక తప్పదు. ఆ రెంటినీ తూచి చూడడమే ఇంజనీరు పని. గొట్టం కోసిన యువకునికి దక్కినది చప్పుడు. అదే గొట్టంలో తరంగాన్ని కొలిచిన కాడెన్‌కు దక్కినది శక్తి.