స్తంభం లేని మాట

అంతర్జాల చరిత్ర చదువుతూండగా రెండు తేదీలు పక్కపక్కన కనబడి నన్ను ఆపేశాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా పోయారు. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఏ ఊళ్ళో ఎవరు మిగిలారో పక్క ఊరికి తెలిసే దారి లేకపోయింది. సరిగ్గా మూడు రోజులకు, నవంబరు 22న, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర బేషోర్ రహదారి మీద ఒక వ్యాను పరుగెత్తుతూ, తీగ అవసరం లేకుండా రేడియో మీద కబురు పంపింది. ఆ కబురు అట్లాంటిక్ దాటి, నార్వే, ఇంగ్లండులను చుట్టి, తిరిగివచ్చి లాస్ ఏంజెలెస్ చేరింది.

ఈ రెంటికీ సంబంధం లేదని తెలుసు. అయినా, ఆ వ్యానులోని విద్య ఎవరికి ఎక్కువ అవసరమో వారిని చేరడానికి ఎంతకాలం పట్టిందో చూడాలనిపించింది. ఆ వెతుకులాటలో దొరికినది ఇక్కడ రాసుకుంటున్నాను. ప్యాకెట్టును 'పొట్లం' అనీ, మెష్ నెట్‌వర్క్‌ను 'అల్లికవల' అనీ అంటాను. ఇంతకన్నా మంచి మాటలు తోస్తే చదువరులు చెప్పగలరు.

కథ హవాయి దీవుల్లో మొదలవుతుంది. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం అలోహానెట్‌ను నడిపింది. దీవుల మధ్య తీగ వేయలేక, సమాచారాన్ని పొట్లాలుగా కట్టి రేడియోలో పంపారు. అయితే అది అల్లికవల కాదు. బండిచక్రంలో ఆకులన్నీ నడిమి కుండలో దిగినట్టు, అన్ని కబుర్లూ కేంద్రానికే పోవాలి. కుండ పగిలితే బండి లేదు.

అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పాకు ఇది చాలలేదు. యుద్ధభూమిలో శత్రువు మొదట కొట్టేది కేంద్రాన్నే కదా! బాబ్ కాన్ చొరవతో మొదలైన ప్యాకెట్ రేడియో పథకంలో ప్రతి రేడియో తన మాట పలకడమే కాక, పక్కవాడి పొట్లాన్ని అందుకుని ముందుకు సాగనంపుతుంది. ఒక్కొక్క పెట్టె సుమారు ఘనపుటడుగు. కొండల మీద కొన్ని, వ్యానులో ఒకటి. దారులు లెక్కకట్టడానికి తొలిరోజుల్లో 'స్టేషను' అనే కంప్యూటరు కావలసివచ్చేది; తరువాత దాన్నీ తప్పించారు. ఆ వ్యానులోంచి మాటను కూడా పొట్లాలుగా పంపి చూశారు.

ఉత్తరం వేరు, మాట వేరు. ఉత్తరం ఆలస్యమైనా చెడదు. మాట మాత్రం సెకనులో ఆరోవంతు దాటి ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. పైగా డిజిటల్ టెలిఫోను గొంతుకు సెకనుకు 64,000 బిట్లు కావాలి. అందుకే గొంతును ఉన్నదున్నట్టు పంపకుండా, పలికేటప్పుడు నోరు, గొంతుక ఏ ఆకారంలో ఉన్నాయో ఆ లెక్కలు మాత్రమే పంపి, అవతల మళ్ళీ పలికించే పద్ధతి పట్టుకున్నారు. దానితో రెండుమూడు వేల బిట్లతో పని జరిగింది. 1974లో డానీ కోహెన్ ప్రభృతులు లాస్ ఏంజెలెస్ దగ్గరి ప్రయోగశాలకూ మాసచూసెట్స్‌లోని లింకన్ ల్యాబుకూ మధ్య మాటను పొట్లాలుగా నడిపించారు. అల్లికవలకు మరో చిక్కు కూడా ఉంది. ఒకే చానెల్ మీద ఉన్న రేడియో వింటూ పలకలేదు కనుక, ప్రతి మజిలీకీ వేగం దాదాపు సగమవుతుంది.

ఈ విద్య సైన్యం చేతుల్లోంచి బస్తీలకు రావడానికి పాతికేళ్ళు పట్టింది. 2002లో బెర్లిన్‌లో ఫ్రైఫుంక్ అనే ఔత్సాహికులు మేడల మీద చవక వైఫై పెట్టెలతో వలలు అల్లారు. వల పెరిగేకొద్దీ ప్రతి పెట్టే ఊరంతటి పటం గుర్తుంచుకోవడం భారమైంది. 2006లో వారు మొదలుపెట్టిన బ్యాట్‌మ్యాన్ అనే పద్ధతి ఆ భారాన్ని దించింది. కాశీకి పోయేవాడు ఊరూరా దారి అడుగుతూ పోయినట్టు, ప్రతి పెట్టెకూ ఫలానావారికి ఏ పొరుగువాడి వైపు పంపాలో తెలిస్తే చాలు.

ఆ పద్ధతినే దక్షిణాఫ్రికాలో స్టీవ్ సాంగ్ విలేజ్ టెల్కో పథకానికి తీసుకున్నారు. అందులో పుట్టిన పెట్టె పేరు మెష్ పొటాటో. ఇంటికప్పు మీద దాన్ని బిగించి, తీగ కిందికి దించి, మామూలు టెలిఫోను తగిలిస్తే ఊళ్ళో మాటలు ఊళ్ళోనే నడుస్తాయి. బయటి కంపెనీ అక్కరలేదు.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. జనం చేతుల్లో సెల్‌ఫోన్లున్నా వాటికి ఆధారమైన టవర్లు దెబ్బతిన్నాయి. దీన్ని చూసి ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో పాల్ గార్డ్నర్-స్టీఫెన్ సర్వల్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అదే ఏడు జులైలో, సెల్ సిగ్నలుకు దూరంగా ఉన్న ఆర్కరూలా కొండల్లో, టవరు లేకుండా ఫోనుకూ ఫోనుకూ మధ్య మాటలు నడిపించారు. ఎవరి నెంబరు వారిదే. ఆరుబయట ఒక ఫోను వైఫై అందేది కొన్ని వందల మీటర్లే. చెట్లు, గోడలు దాన్ని మింగేస్తాయి. అందుకే నడుమ ఫోను పట్టుకున్నవాడు ఎత్తు మీద నిలబడాలి. తరువాత దూరం పెంచడానికి వేరే రేడియో ఉన్న చిన్న పెట్టెలు చేర్చారు. అసలు ఆటంకం మరొకచోట ఎదురైంది. ఫోన్లను ఇలా కలిపే పద్ధతి చిప్పులో ఉన్నా, తయారీదారు సాఫ్ట్‌వేర్ దాన్ని మూసి ఉంచింది. తాళం పగలగొడితే గాని పని జరగలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఎన్నో సెల్ టవర్లు మూగబోయాయి. 1977లో దివిసీమవారి దగ్గర యంత్రమే లేదు. 2014లో విశాఖవారి జేబుల్లో, ఆ వ్యానులోని పెట్టెను మించిన రేడియో ఉంది. అయినా ఫలితం ఒకటే: పక్క వీధివారి క్షేమం తెలియలేదు.

2020 నుంచి మెష్టాస్టిక్ వంటి చవక పరికరాలతో ఔత్సాహికులు అల్లికవలలు వేస్తున్నారు. వాటి వేగం పొట్టి సందేశాలకు సరిపోతుంది గాని సంభాషణకు చాలదు. ఒక ఫోను రెండోదాని మాటను మోసి మూడోదానికి అందించే ఏర్పాటు నేటికీ మామూలు ఫోన్లలో పుట్టుకతో రాదు. ఊరంతా స్తంభం లేక మూగబోయిన రాత్రి పొరుగువాడి మాట మోయడం మన ఫోనుకు చేతనవును. ఆ పని చెయ్యమని దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.