రంగుల హద్దు నిలిపిన కాగితపు పట్టె

గోడకు రెండు రంగులు వేయునపుడు నడిమి హద్దు తిన్నగా నిలుపుట యెంత కష్టమో ఇల్లు కట్టించిన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆ హద్దును కాపాడుటకై రంగులవారు వాడునది మాస్కింగు టేపు, అనగా ఒకవైపు జిగురుగల కాగితపు పట్టె. అది పుట్టిన చరిత్రను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రములో సెయింట్ పాల్ అను నగరము కలదు. 1902లో స్థాపింపబడిన మిన్నెసోటా మైనింగ్ అండ్ మాన్యుఫాక్చరింగ్ అను సంస్థ అచట ఉప్పుకాగితము తయారుచేయుచుండెను. ఇంజనీరింగు చదువు మధ్యలో మానిన రిచర్డ్ డ్రూ అను యువకుడు 1921లో అందు కొలువు చేరెను.

ఆ దినములలో రెండు రంగుల మోటారు కార్లపై జనులకు మోజు హెచ్చెను. మొదటి రంగు ఆరిన పిమ్మట దానిపై కాగితములను జిగురుతో అంటించి రెండవ రంగు వేసెడివారు. కాగితము లాగునపుడు క్రింది రంగు కూడ ఊడివచ్చెడిది. పనియంతయు మరల మొదటికి వచ్చెడిది. 1923లో డ్రూ తమ ఉప్పుకాగితమును పరీక్షింపజేయుటకు కార్లకు రంగువేయు ఒక కార్ఖానాకు పోగా, అచటి పనివాడు ఈ నష్టమునకు విసిగి తిట్టుచుండెను. అది విని డ్రూ, దీనికి ఉపాయము నేను కనుగొందునని మాట యిచ్చెను.

ఇచ్చిన మాట నెరవేర్చుట సులభము కాలేదు. పట్టె గట్టిగా అంటవలెను. క్రింది రంగునకు హాని చేయక ఊడిరావలెను. ఎన్ని నూనెలు, ఎన్ని బంకలు పరీక్షించినను ఈ రెండు గుణములు ఒక్కచోట కుదరలేదు. సంస్థను నడపుచుండిన విలియం మెక్‌నైట్, ఆ పని మాని ఉప్పుకాగితము సంగతి చూడుమని ఆజ్ఞాపించెను. డ్రూ కొంతకాలము తలయొగ్గి మరల పూనుకొనెను. తుదకు వడ్రంగుల జిగురులో గ్లిసరిను కలిపి, ముడుతలుగల క్రేపు కాగితమునకు పూయగా 1925లో పని ఫలించెను. యంత్రమునకు అనుమతి దొరకనందున, నూరు డాలర్ల వరకు తనకున్న అధికారముతో, 99 డాలర్లకు మించని చిన్న కొనుగోళ్లుగా దానిని సమకూర్చుకొనెనని చెప్పుదురు.

కార్లకై పుట్టిన పట్టె క్రమముగా ఇండ్ల గోడలకును, తలుపులకును, కిటికీలకును వచ్చినది. క్రేపు కాగితము సాగును గనుక వంపులకు సైతము ఒదుగును. అంచును బొటనవ్రేలితో నొక్కి అంటింపవలెను. రంగు పూర్తిగా గట్టిపడకమునుపే మెల్లగా వెనుకకు మడచి లాగవలెను. చేతికి పొడి రాలు సున్నపుగోడపై మాత్రము అది నిలువదు.

నన్ను ఆకర్షించినది జిగురు కన్న మెక్‌నైట్ నడవడి. ఆజ్ఞ మీరిన యువకుని ఆయన వెళ్లగొట్టలేదు. పనివారికి స్వేచ్ఛ యియ్యవలెననియు, వారు చేయు పొరపాట్ల కన్న పెద్దలు ప్రతిదియు తామే శాసించుట హెచ్చు హానికరమనియు 1948లో స్పష్టముగా వ్రాసెను. అంటుకొనవలసిన చోట అంటుకొని, విడువవలసిన వేళ విడుచుట ఆ పట్టెకే కాదు, పెద్దరికమునకును గుణమని నా మనవి.