ఎవరి పొయ్యి వారిదే: యూఎల్మ్ ధర్మశాల కథ

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో యూఎల్మ్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఏటవాలు నేల మీద పైన సెయింట్ మేరీ చర్చి, దాని దిగువన పేద వృద్ధుల ధర్మశాల, ఇంకా దిగువన బడి. ఇలాంటి ధర్మశాలను ఆ దేశంలో ఆమ్స్‌హౌస్ అంటారు. దానధర్మాలతో నడిచే ఇల్లని అర్థం.

తొలినాటి ధర్మశాలల తీరు వేరు. ఒకటే పొడవాటి హాలు, రెండు పక్కలా మంచాలు, తూర్పు కొసన ప్రార్థనా మందిరం. మంచం దిగలేనివారికి కూడా పూజ కనబడాలని అలా కట్టేవారు. చిచెస్టర్‌లోని సెయింట్ మేరీస్ హాస్పిటల్‌లో అలాంటి హాలు, ప్రార్థనా మందిరం నేటికీ చూడవచ్చు. అక్కడ ఆసరా ఉండేది కానీ చాటు ఉండేది కాదు.

యూఎల్మ్‌లో ఆ చాటు దొరికింది. 1437లో ఆరో హెన్రీ రాజు అనుమతితో సఫోక్ ప్రభువు విలియం డి లా పోల్, ఆయన భార్య ఆలిస్ ఈ ధర్మశాలను నెలకొల్పారు. ఆలిస్ మహాకవి ఛాసర్ మనవరాలు. ఇందులో 13 మంది పేదలకు, ఇద్దరు మతగురువులకు చోటిచ్చారు. దాతల ఆత్మశాంతికి రోజూ ప్రార్థించడం ఆ పేదల విధి.

మన మండువా లోగిలి ఎరిగినవారికి ఈ కట్టడం వెంటనే అర్థమవుతుంది. నడుమ ముంగిలి, చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గుమ్మాలు. కర్ర చట్రాల మధ్య ఇటుక పేర్చారు. ఆ ప్రాంతానికి అప్పట్లో ఇటుక కొత్త. ఒక్కొక్కరికి సొంత గది, అందులో పొగగొట్టమున్న పొయ్యి ఉండాలని నిబంధనల్లోనే రాశారు. ముంగిలి నుంచి చర్చి పడమటి ద్వారం దాకా కప్పున్న మెట్లదారి వేశారు. వానలోనూ ముసలివారు తడవకుండా ప్రార్థనకు వెళ్లవచ్చు.

ఆలిస్ 1475లో కన్నుమూసింది. ఆమె అలబాస్టర్ రాతి సమాధి ఆ చర్చిలోనే ఉంది. మృతుల ఆత్మల కోసం ప్రార్థించే సంస్థలను 1547 చట్టం రద్దుచేసినా, ఈ ధర్మశాల నిలిచింది. ఇప్పటికీ ఇందులో వృద్ధులు ఉంటున్నారు, దిగువ బడిలో పిల్లలు చదువుకుంటున్నారు.

వృద్ధాశ్రమం కట్టాలనుకునేవారు ఈ ముంగిలిని ఒకసారి తలచుకోవాలి. ముసలితనానికి తోడెంత అవసరమో, వేసుకోవడానికి సొంత తలుపూ అంతే అవసరం.